సంకల్పంలో మన పేరు చివర్న ఎందుకు వస్తుంది?



ఇంట్లో వినాయక చవితి పూజో, సత్యనారాయణ వ్రతమో జరుగుతుంటే ఒక విషయం మీరు గమనించే ఉంటారు. ఆచమనం అయ్యాక పంతులుగారు సంకల్పం మొదలుపెడతారు. ఆయన గబగబా ఏదో చదువుకుంటూ పోతారు, మనం చేతిలో అక్షింతలు పట్టుకుని దిక్కులు చూస్తుంటాం. "గోత్రం చెప్పండి, పేరు చెప్పండి" అన్నాక గానీ మనకి మెలకువ రాదు. మన భాగం అదే అనుకుంటాం.

కానీ ఆ పేరుకి ముందు ఆయన ఏం చదివారో ఎప్పుడైనా విన్నారా? ఏ కల్పం, ఏ మన్వంతరం, ఏ యుగంలో ఎన్నో పాదం. ఏ ద్వీపం, ఏ వర్షం, ఏ ఖండం. మేరువుకి ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ మూల, ఏ రెండు నదుల మధ్య. సొంతిల్లయితే స్వగృహే అంటారు, అద్దె ఫ్లాట్ అయితే వసతిగృహే అంటారు! ఆ తర్వాత సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. అవన్నీ అయ్యాక గోత్రం. గోత్రం తర్వాత, అన్నిటికంటే చివర్న, మన పేరు. అమెరికాలో ఉండే మనవాళ్ళ ఇళ్ళలో పూజ జరిగితే అక్కడి పురోహితులు ద్వీపం పేరు, ఖండం పేరు మార్చి చెబుతారు. ఎందుకంటే "నువ్వు ఎక్కడ నిలబడి ఉన్నావు" అన్నది తేలకుండా "నువ్వెవరు" అన్న మాట ముందుకు వెళ్ళదు.

ఈ వారం పాఠం ఇక్కడి నుంచే. మనిషి క్షేమం అంటే ఏంటి, అది ఒక్కడికీ విడిగా దొరుకుతుందా? దీనికి మన తత్వశాస్త్రం ఒక జవాబు చెప్పింది. గత నూట పాతికేళ్ళలో సమాజశాస్త్రం కూడా ఒక జవాబు చెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

కష్టం నాదా? కాలానిదా?

సి. రైట్ మిల్స్ అని అమెరికాలో ఒక సమాజశాస్త్రవేత్త ఉండేవారు. 1959లో ఆయన ఒక పుస్తకం రాశారు. అందులో ముఖ్యమైన మాట ఇది: ఒక మనిషి జీవితం అర్థం కావాలంటే ఆ మనిషిని అతని కాలంలో, అతని సమాజంలో పెట్టి చూడాలి. వ్యక్తి సొంత కష్టం వేరు, సమాజం మొత్తానికి ఉన్న సమస్య వేరు. ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా సులువు. లక్ష మంది ఉన్న ఊళ్ళో ఒక్కడికే పని లేకపోతే అతని నైపుణ్యం, అతని స్వభావం చూడొచ్చు. కానీ 5 కోట్ల మంది పనివాళ్ళున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే? అప్పుడు ఆ కోటిన్నర మందినీ విడివిడిగా తప్పు పట్టి లాభం లేదు. లోపం ఏర్పాటులోనే ఉంది.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో చదువుకునేవాళ్ళు, వాళ్ళ అన్నలు, అక్కలు ఇది చదువుతుంటే వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. 2024లో తెలంగాణ గ్రూప్-1కి పోస్టులు 563. దరఖాస్తులు 4 లక్షలు దాటాయి. అంటే ఒక్కో పోస్టుకి 700 మందికి పైగా. అందరూ రోజుకి పదహారు గంటలు చదివినా, అందరూ ఏకాగ్రతతో జపం చేసినా, వచ్చేది 563 మందికే. మిగతా లక్షల మంది రాత్రి హాస్టల్ గదిలో పడుకుని "నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటారు. కొంతమందిలో ప్రిపరేషన్ లోపం ఉండొచ్చు, కాదనను. కానీ లక్షల మందిలో ఒకేసారి ఒకే లోపం ఎలా ఉంటుంది?

సంకల్పం మన పేరుని చివర్న పెట్టడంలో నాకు కనిపించే అర్థం ఇదే. నీ పేరు చెప్పేముందు నీ కాలం చెప్పు, నీ చోటు చెప్పు. నిన్ను నువ్వు తూకం వేసుకునే ముందు నువ్వు ఎక్కడ నిలబడ్డావో చూసుకో.

"మమ"తో మొదలై "అస్మాకం" దాకా

సంకల్పంలో ఇంకో ముచ్చట ఉంది. అది మొదలయ్యేది "మమ" అనే మాటతో. మమ అంటే నాది. ఏది నాది? నేను మూటగట్టుకున్న దురితం. అది తొలగాలి అంటాం. చివరికి వచ్చేసరికి, క్షేమం, స్థైర్యం, ధైర్యం, ఆయుష్షు, ఆరోగ్యం అడిగేటప్పుడు "అస్మాకం" అంటాం, "సహకుటుంబానాం" అంటాం. అంటే మాకు, కుటుంబంతో సహా మా అందరికీ.

చూశారా? దోషం దగ్గర ఏకవచనం, క్షేమం దగ్గర బహువచనం. నా తప్పుకి నేనే జవాబుదారీ. కానీ క్షేమం మాత్రం నా ఒక్కడికే అడగను.

ఇప్పుడు నిజాయితీగా ఆలోచిద్దాం. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు కాదా? సమాజంలో ఉన్న సమస్యని "నా ఫెయిల్యూర్" అని ఒక్కళ్ళమే మోస్తున్నాం. క్షేమాన్ని మాత్రం ఒంటరిగా వెతుక్కుంటున్నాం. నా జిమ్, నా డైట్, నా మెడిటేషన్ యాప్, నా మనశ్శాంతి. ధ్యానం తప్పని ఎవరూ అనరు, రోజూ చేయండి. కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుని, కళ్ళు తెరిచాక మాట్లాడటానికి ఒక్క మనిషి లేకపోతే ఆ వెలితి ధ్యానం వల్ల వచ్చింది కాదు. ధ్యానం ఒక్కటే దాన్ని పూడ్చనూ లేదు.

ఇది కొద్దిమందికే ఉన్న బాధ కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది.

డర్కైమ్ చూసిన రెండు తాళ్ళు

ఫ్రాన్స్‌లో 1858లో ఎమిల్ డర్కైమ్ పుట్టారు. తండ్రి, తాత, ముత్తాత అందరూ యూదు మతగురువులు. ఆయన మాత్రం ఆ దారిలో వెళ్ళకుండా సమాజాన్ని శాస్త్రంగా చదవడం మొదలుపెట్టారు. 1897లో ఆత్మహత్యల మీద ఒక పెద్ద గ్రంథం రాశారు. వినడానికే భారంగా ఉంటుంది, నిజమే. కానీ ఆయన అడిగిన ప్రశ్న మనుషులు బతకాలన్న ఆరాటంతో అడిగింది.

మనిషి తన ప్రాణం తీసుకోవడం కంటే ఏకాంతంగా జరిగే పని ఇంకేముంటుంది? అయినా ఐరోపా దేశాల లెక్కలు తీస్తే ఏటేటా ఒక్కో దేశంలో ఆ రేటు దాదాపు ఒకేలా ఉంది. అంటే ఇందులో సమాజం చెయ్యి ఉంది. ఆయన ఇంకా లోపలికి వెళ్ళారు. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళలో కంటే ఒంటరివాళ్ళలో ఎక్కువ. గట్టిగా అల్లుకున్న మత సమూహాల్లో కంటే వదులుగా ఉన్నవాటిలో ఎక్కువ. ఆయన వాడిన ప్రభుత్వ లెక్కల్లో లోపాలున్నాయని తర్వాతివాళ్ళు ఎత్తిచూపారు, అది న్యాయమైన విమర్శే. కానీ ఆయన పట్టుకున్న మూలసూత్రం ఇప్పటికీ నిలబడింది: మనిషిని జీవితానికి కట్టి ఉంచే తాళ్ళు రెండు. ఒకటి కలయిక, అంటే నాకో గుంపు ఉందన్న భావం. రెండోది హద్దు, అంటే కోరికకి ఇంతవరకు చాలు అని చెప్పే కట్టుబాటు.

రెండో తాడు గురించి ఆయన చెప్పింది చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఆర్థికంగా దెబ్బతిన్నప్పుడే కాదు, ఉన్నట్టుండి సంపద పెరిగినప్పుడు కూడా ఆత్మహత్యలు పెరుగుతున్నాయి! ఎందుకు? పాత హద్దులు చెరిగిపోయాయి, కొత్తవి ఇంకా ఏర్పడలేదు. ఏది చాలో తెలియదు. హద్దు లేని కోరికకి ఎంత పోసినా దాహమే. ఈ స్థితికి ఆయన "అనోమీ" అని పేరు పెట్టారు.

మొదటి జాబ్‌లో వచ్చిన జీతం తలుచుకోండి. ఆ రోజు అదే స్వర్గం. రెండేళ్ళలో జంప్ అయితే ఎక్కువొస్తుంది. అదొచ్చాక ఫ్రెండ్ ఆన్‌సైట్ ఫొటో పెట్టాడు. ఎక్కడ ఆగాలి? ఆగమని ఎవరూ చెప్పరు. ఫోన్ అసలు చెప్పదు.

నూరు రెట్లు పెంచుకుంటూ పోతే

ఇప్పుడు తైత్తిరీయోపనిషత్తు తెరుద్దాం. అందులో ఆనందాన్ని లెక్కగట్టే ఒక చోటుంది, ఆనందమీమాంస అంటారు. ముందు ఒక కొలమానం పెట్టుకుంటుంది. ఒక యువకుడు. మంచివాడు, బాగా చదువుకున్నవాడు, దృఢమైనవాడు, బలవంతుడు. సంపదతో నిండిన ఈ భూమంతా అతనిదే. ఇది ఒక యూనిట్ మానుషానందం. మన భాషలో చెప్పాలంటే అన్ని ఇంటర్వ్యూలూ కొట్టి, ఆరోగ్యం, అందం, ఆస్తి అన్నీ ఉన్న ఇరవై అయిదేళ్ళవాడు!

తర్వాత ఉపనిషత్తు దాన్ని నూరు రెట్లు చేస్తుంది. అది మనుష్యగంధర్వుల ఆనందం. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. అలా పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, బ్రహ్మ దాకా మెట్టు మెట్టుకీ నూరేసి రెట్లు పెంచుకుంటూ పోతుంది. ఏ కంపెనీ ఇవ్వని హైక్ అది. కానీ మానుషానందం దాటాక ప్రతి మెట్టు దగ్గరా ఒక మాట కలుపుతుంది: కోరిక దెబ్బ తగలని వేదజ్ఞుడికి కూడా ఇదే ఆనందం ఉంది అని.

డర్కైమ్ ఈ ఉపనిషత్తు చదివి రాశారని నేను చెప్పడం లేదు. ఇద్దరి లక్ష్యం కూడా ఒకటి కాదు. ఆయన హద్దుని సమాజం ఇవ్వాలంటారు, ఉపనిషత్తు అది జ్ఞానంతో లోపలి నుంచి రావాలంటుంది. కానీ ఇద్దరూ ఒకే జబ్బుని గుర్తుపట్టారు. నిచ్చెనకి పై మెట్టు ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడం తప్పు కాదు, ఎక్కితేనే సుఖం అనుకోవడం దగ్గర దెబ్బ తగులుతుంది.

ఇదే ఉపనిషత్తులో భృగువు కథ చాలామందికి తెలుసు. తండ్రి వరుణుడి మాట మీద తపస్సు చేసి ముందు అన్నం బ్రహ్మమని, తర్వాత ప్రాణమని, మనసని, విజ్ఞానమని, చివరికి ఆనందమని తెలుసుకుంటాడు. మనం కథని అక్కడితో ఆపేస్తాం. ఉపనిషత్తు అక్కడ ఆగలేదు! ఆనందం తెలిశాక మళ్ళీ అన్నం దగ్గరికే వస్తుంది. అన్నాన్ని నిందించకు, అన్నాన్ని పెంచు, ఉండటానికి చోటడిగి వచ్చినవాడిని పంపెయ్యకు అని చెబుతుంది. ఆనందం దొరికినవాడు తలుపేసుకుని కూర్చోవాలని చెప్పలేదు, వాకిలి తెరవమంది.

అయితే ప్రతి కట్టూ మంచిదేనా?

ఇక్కడ మీలో కొందరికి కోపం వస్తుందని తెలుసు. "సమాజం, బంధాలు అంటారు, మా ఇంట్లో నన్ను ఊపిరి తీసుకోనివ్వరు" అని. లేదా "మా అమ్మమ్మని గుడి బయటే నిలబెట్టారు, ఆ సమాజమా?" అని. ఆ కోపం సరైనదే, దాన్ని దాటేసి వెళ్ళకూడదు.

డర్కైమ్ కూడా దాటేయలేదు. తాడు తెగిపోతే ఎంత ప్రమాదమో, మరీ బిగిస్తే కూడా అంతే ప్రమాదమన్నారు. అణచివేతతో భవిష్యత్తంతా మూసుకుపోయినవాళ్ళ గురించి ఆయన అదే పుస్తకంలో ప్రస్తావించారు.

మన నేల మీద దీనికి సాక్ష్యం ఉంది. సికింద్రాబాద్‌కి ఉత్తరాన శామీర్‌పేట మనకిప్పుడు చెరువు, రింగ్ రోడ్, వీకెండ్ డ్రైవ్. ఒకప్పుడది పల్లె. అక్కడి జీవితాన్ని పరిశీలించి ఎస్.సి. దూబే అనే సమాజశాస్త్రవేత్త 1955లో పుస్తకం ప్రచురించారు. భారతీయ పల్లె గురించి ప్రపంచం చదివిన తొలి పుస్తకాల్లో అదొకటి. అందులో కులాల మధ్య పనుల ఇచ్చిపుచ్చుకోలు కనిపిస్తుంది, ఊరంతా కలిసి చేసే పండుగలు కనిపిస్తాయి. అదే పుస్తకంలో అంటరానితనమూ కనిపిస్తుంది. అందరి పనీ కావాలి, కానీ అందరూ పక్కన కూర్చోకూడదు. "పాత రోజుల్లో ఊళ్ళో అందరూ కలిసి ఉండేవాళ్ళు" అని మనం అనేటప్పుడు ఆ "అందరూ" అనే మాటలో ఎవరు లేరో కూడా చూడాలి. అస్మాకం అన్న మాటకి కొందరిని బయట నిలబెట్టి గోడ కడితే సంకల్పం పాడైనట్టే.

ఈ గోడని పడగొట్టాలనుకున్నవాళ్ళూ మన దగ్గరే పుట్టారు. పన్నెండో శతాబ్దపు పల్నాడులో మంత్రి బ్రహ్మనాయుడు పరమ విష్ణుభక్తుడు, మాచెర్ల చెన్నకేశవుడి సేవకుడు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాటి కథ చెబుతుంది. అదే చాపకూడు. దళితుడైన కన్నమదాసుని కొడుకుగా స్వీకరించాడని కూడా అదే కథ చెబుతుంది. కారంపూడిలో వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. భక్తి, సంఘం రెండూ వేరు కాదని చెప్పడానికి మనకి బయటి ఉదాహరణ అక్కర్లేదు.

మరి సంప్రదాయంలో ఏది తీసుకోవాలి, ఏది వదలాలి? తైత్తిరీయంలోనే శీక్షావల్లిలో చదువు ముగించిన శిష్యుడికి గురువు చెప్పే మాటలున్నాయి. అందులో ఆయన చాలా ధైర్యంగా ఒకటి చెబుతారు: మాలో ఉన్న మంచి నడవడినే నువ్వు అనుసరించు, మిగతావి కాదు. గురువు తన గురించే చెప్పిన మాట ఇది. మాలో మిగతావి కూడా ఉన్నాయని ఒప్పుకున్న మాట.

లోకసంగ్రహం

గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి జనకుడిని ఉదాహరణగా చూపిస్తాడు. జనకుడికి జ్ఞానం ఉంది, అయినా రాజ్యం వదిలి వెళ్ళలేదు. కర్మలోనే ఉన్నాడు. నువ్వూ లోకసంగ్రహం కోసమైనా కర్మ చెయ్యి అంటాడు. తెలుగులో సంగ్రహం అంటే మనకి పుస్తకాన్ని కుదించడం గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. చెదిరిపోకుండా కలిపి పట్టుకోవడం. జనం తప్పు దారిలో పోకుండా ఆపడమని శంకరాచార్యులవారు భాష్యంలో వివరించారు. అదే అధ్యాయంలో తన కోసమే వండుకుని తినేవాడు పాపాన్నే తింటున్నాడని కూడా ఉంది. స్విగ్గీ డబ్బా ఒక్కళ్ళమే ఫోన్ చూస్తూ తినే మనకి ఇది కొంచెం గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి.

ఇవన్నీ సిటీలో ఎలా కుదురుతాయి అంటారా? పెద్దలు దీన్ని రోజువారీ పనిగా విడగొట్టి ఇచ్చారు. శతపథ బ్రాహ్మణంలో, తైత్తిరీయ ఆరణ్యకంలో ఉన్న పంచమహాయజ్ఞాలు అవే. ఈ వారం మన సాధన ఇది:

1. దేవయజ్ఞం: రోజూ దీపం. సంకల్పం చెప్పుకునేటప్పుడు "అస్మాకం" దగ్గర ఒక్క క్షణం ఆగి, కుటుంబం కాని ఒక మనిషిని కూడా తలుచుకోండి.

2. పితృయజ్ఞం: నాయనమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి వాళ్ళ చిన్నప్పటి సంగతి ఒకటి అడిగి రాసుకోండి. "తిన్నావా" దగ్గర ఆపొద్దు.

3. బ్రహ్మయజ్ఞం: చదివింది ఇంకొకరికి చెప్పండి. నోట్స్ దాచుకోకుండా హాస్టల్‌లో జూనియర్‌కి ఇవ్వడం కూడా ఇందులోకే వస్తుంది.

4. మనుష్యయజ్ఞం: వారంలో కనీసం ఒక పూట ఎవరితోనైనా కలిసి కూర్చుని భోంచెయ్యండి. ఇంతవరకు మీ టేబుల్ దగ్గరికి మీరు పిలవనివాళ్ళని పిలవండి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పేరు, ఇంట్లో పని చేసే ఆవిడ పేరు మీకు తెలుసా? పండక్కి వాళ్ళకి ప్రసాదం గేటు దగ్గర ఇస్తున్నారా, లోపల కూర్చోబెట్టి పెడుతున్నారా?

5. భూతయజ్ఞం: బాల్కనీలో పిట్టలకి గిన్నెడు నీళ్ళు. ఇంతకంటే తేలికైన యజ్ఞం లేదు.

ఒక ముఖ్యమైన మాట. మీలో ఎవరికైనా బతకాలని లేదన్నంత బరువుగా ఉంటే ఈ ఐదూ పూర్తి చేశాకే అడగాలని అనుకోకండి. ఇప్పుడే, మీకు దగ్గరగా ఉన్న మనిషికి ఆ మాట చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబర్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. సాయం అడగడం భక్తి తక్కువై కాదు. కురుక్షేత్రంలో చేతులు వణికినప్పుడు అర్జునుడు కూడా పక్కనున్నవాడికే చెప్పుకున్నాడు, గీత అలాగే మొదలైంది. అలాగే మీ రూమ్‌మేట్ నాలుగు రోజులుగా తిండి సరిగా తినకుండా గోడవైపు తిరిగి పడుకుంటుంటే, మీరే వెళ్ళి పక్కన కూర్చోండి. ఆ వారానికి మీ లోకసంగ్రహం అదే.

మళ్ళీసారి ఇంట్లో పూజ జరిగినప్పుడు పంతులుగారు సంకల్పం చెబుతుంటే మొదటి నుంచి వినండి. యుగం, ఖండం, నది, తిథి, గోత్రం వరుసగా వస్తాయి. వాటి తర్వాత మీ పేరు. ఆ వరుసలో మీరు ఒంటరిగా లేరు. అది గుర్తొస్తే పేరు కాస్త నెమ్మదిగా, నిండుగా పలుకుతారు.

శుభం.